పాపకు సీలియాక్ అని తేలాక నెల ఖర్చు 8,500 పెరిగింది, సిప్ ఆపేయాలా?

ప్రశ్న: మాది కావలి. మా పాపకు తొమ్మిదేళ్లు. నాలుగు నెలల క్రితం చెన్నైలో రక్తపరీక్ష, ఎండోస్కోపీ చేసి సీలియాక్ వ్యాధి (గోధుమలో ఉండే గ్లూటెన్ అనే జిగురు ప్రొటీన్ పేగును దెబ్బతీసే జబ్బు) అన్నారు. జీవితాంతం గోధుమ తగలకూడదట. అప్పటి నుంచి గ్లూటెన్ లేని పిండి, బ్రెడ్, బిస్కెట్లు ఆన్‌లైన్‌లో తెప్పిస్తున్నాం. నెలకు 12,000 అయ్యే వెచ్చాల ఖర్చు 20,500 అయింది. మావారి జీతం చేతికి 42,000 వస్తుంది, నా కుట్టుపని మీద 7,000. ఇంటి లోను కంతు 9,500, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసేది) 3,000, లక్ష రూపాయల చీటీకి నెలకు 5,000 (20 నెలల చీటీ, 8 కట్టాం). బ్యాంకులో 1,80,000 డిపాజిట్ ఉంది. సిప్ ఆపేసి, చీటీ పాడుకుని ఆ డబ్బుతో నడుపుకుందామా అని ఆలోచన. మావారి ఆఫీసు బీమా 3 లక్షలు ఉంది. విడిగా ఇంకో పాలసీ తీసుకుందామంటే ఏజెంటు పాప జబ్బు సంగతి ఫారంలో రాయొద్దంటున్నాడు. పన్నులో ఏమైనా తగ్గుతుందా? వచ్చే నెల నుంచి ఇంట్లో అందరం గోధుమ మానేద్దామనుకుంటున్నాం, మంచిదేనా?

జవాబు: అమ్మా, సిప్ ఆపొద్దు, చీటీ పాడొద్దు. పెరిగిన 8,500లో ఎక్కువ భాగం అక్కర్లేని చోటికి పోతోంది. అక్కరున్న మూడు చోట్ల మీరింకా రూపాయి కూడా పెట్టలేదు. ముందు అది సర్దుకుందాం.

మీరు రాసి పంపిన లెక్క ప్రకారం గ్లూటెన్ లేని పిండి 6 కిలోలకు 2,100, బ్రెడ్లకు 1,600, బిస్కెట్లు కేకులకు 2,300, పాస్తా నూడుల్స్‌కు 1,500, ఓట్స్ మ్యూస్లీకి 1,000. ఇవన్నీ గోధుమ తినే ఇంటి తిండికి నకళ్లు. మూడు పూటలా రొట్టె తినే పంజాబీ ఇంట్లో ఈ జబ్బు వస్తే ఈ ఖర్చు తప్పదు. పెన్నా నీళ్లతో పండిన వడ్లు తినే మనకు అంత అవసరం లేదు. గ్లూటెన్ ఉండేది గోధుమ, బార్లీ, రై అనే మూడు ధాన్యాల్లో. మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా గోధుమ నుంచే వస్తాయి. బియ్యం, రాగి, జొన్న, సజ్జ, కొర్ర, పప్పులు, వేరుశనగ, గుడ్లు, పాలు, చేపలు, రొయ్యలు వేటిలోనూ అది లేదు. ఇడ్లీ, దోసె, పెసరట్టు, పులిబొంగరాలు, బియ్యపురవ్వ ఉప్పుపిండి, రాగి సంగటి, చేపల పులుసు, అరిసెలు, సున్నుండలు, వేరుశనగ చిక్కీ... ఇవన్నీ శుభ్రంగా వండితే పాపకు ఎప్పటి నుంచో సరిపడే తిండే.

కిలో 350 పెట్టి కొన్న ఆ పిండి పొట్లం వెనక చదవండి. చాలావాటిలో జొన్న, బియ్యం, సగ్గుబియ్యపు పిండే ఉంటుంది. జొన్నలు, రాగులు విడిగా కొంటే కిలో యాభై అరవై మధ్య దొరుకుతాయి. జొన్నపిండిలో జిగురు లేదు కాబట్టి చపాతీలా చన్నీళ్లతో కలిపితే రొట్టె అంచులు పగులుతాయి. కప్పు పిండికి కప్పుకు కొంచెం తక్కువగా మరిగే నీళ్లు పోసి, మూతపెట్టి ఐదు నిమిషాలాగి, వేడి మీదే బాగా మర్దించి తట్టండి. పిండి పాతబడితే ఎంత మర్దించినా విరుగుతుంది, అందుకే పది పదిహేను రోజులకు సరిపడా మాత్రమే పట్టుకోవాలి. ఓట్స్ అయితే ఈరోజే ఆపేయండి. మామూలు ఓట్స్ పొలంలోనూ మిల్లులోనూ గోధుమ, బార్లీలతో కలిసే తిరుగుతాయి. గ్లూటెన్ లేదని ముద్ర ఉన్న రకం కూడా డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టాలి.

ఇక అసలు డబ్బు పెట్టాల్సిన చోట్లు. మొదటిది వంటిల్లు. ఈ జబ్బులో కొంచెమైతే ఏమవుతుందిలే అనే మాట పనికిరాదు. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు వరసగా లోపలికి వెళ్తే పేగు పొర దెబ్బతింటుందని పరీక్షల్లో తేలింది. ఒక్క బ్రెడ్ ముక్కలోనే రెండు గ్రాములకు పైగా ఉంటుంది, అంటే ఈ 50 అందులో నలభయ్యో వంతు. చపాతీ కాల్చిన పెనం మీద దోసె వేసినా, పూరీ వేయించిన నూనెలో వడ వేసినా ఆ మాత్రం చేరడం కష్టం కాదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు పిండిమరతో. మన ముందువాళ్లు గోధుమలు పట్టించుకుని వెళ్తారు, రాళ్ల మధ్యా గొట్టంలోనూ గుడ్డసంచిలోనూ మిగిలిన పిండి మన బియ్యప్పిండిలోకి వస్తుంది. పొద్దున్నే మొదట మనదే పట్టించినా నిన్నటి పిండి పోదు. ఇంట్లో పెట్టుకునే చిన్న పిండిమర రకాన్ని బట్టి పది పన్నెండు వేల నుంచి ఇరవై వేల దాకా ఉంటుంది. దాన్ని ఇప్పుడే కొనకండి. ముందు మీ మిక్సీకి రెండు కొత్త జార్లు, ఒక జల్లెడ, ఒక అట్లపెనం, రెండు గరిటెలు, ఒక చిన్న బాండలి పాప కోసమే కొని, పిడులకు ఎర్ర టేపు చుట్టండి. జల్లెడ, చెక్క గరిటె, గీతలు పడ్డ నాన్‌స్టిక్ పాత్రలు ఎంత కడిగినా పిండిని వదలవు, వాటిని పంచుకోవద్దు. స్టీలు గిన్నెలు మాత్రం సబ్బుతో కడిగితే చాలు, కొత్తవి అక్కర్లేదు. విడిగా అమ్మే దుకాణాల్లో ఒకే చేటతో అన్నీ ఎత్తుతారు. అందుకని రాగులు, జొన్నలు తెచ్చాక పళ్లెంలో పోసి గోధుమ గింజలు ఏరి, రెండుసార్లు కడిగి, ఎండబెట్టి మిక్సీ పట్టండి. ఇదంతా కలిపి 5,000 నుంచి 6,000లోపు అవుతుంది. మూడు నెలలు చూసి, పనిభారం మోయలేననిపిస్తే అప్పుడు పిండిమర సంగతి చూద్దాం.

ఇంకో దొంగ ఇంగువ. పొడి ఇంగువల్లో చాలావాటికి గోధుమపిండో మైదానో కలుపుతారు. రోజూ సాంబారులో, పచ్చడి తాలింపులో పడేది అదే. బియ్యప్పిండితో చేసినదో, ముద్ద ఇంగువో చూసి తీసుకోండి. గుడిలో పెట్టే పులిహోర బియ్యమే కదా అని ఇచ్చేముందు ఈ ఇంగువ గుర్తుపెట్టుకోండి. పాలల్లో కలిపే హార్లిక్స్, బూస్ట్ లాంటివాటిలో ఉండేది బార్లీ మాల్ట్. రాగి మాల్ట్ వేరు, అది ఉత్త రాగులతో చేసినదైతే మంచిదే. రాగి బిస్కెట్లు, రాగి సేమ్యా, మిల్లెట్ నూడుల్స్ పేరు చూసి మోసపోవద్దు, చాలావాటిలో సగానికి పైగా గోధుమో మైదానో ఉంటుంది. కాజా పూర్తిగా మైదాయే. పొట్లం మీద ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాయాలంటే ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ మాట ఉన్నవే కొనండి.

రెండో చోటు పరీక్షలు. పాపకు జబ్బు తేలి ఆరు నెలలు నిండేసరికి, అంటే ఇంకో రెండు నెలల్లో, టీటీజీ-ఐజీఏ రక్తపరీక్ష (ఈ జబ్బులో రక్తంలో పెరిగే యాంటీబాడీలను కొలిచేది) మళ్లీ చేయించాలి. తర్వాత ఏడాది నిండాక, ఆపైన ఏటా. దాంతోపాటు హిమోగ్లోబిన్, ఫెరిటిన్, విటమిన్ డి, బి12, థైరాయిడ్ ఏవేవి కావాలో డాక్టరు రాస్తారు. ఆ టీటీజీ అంకె దిగుతుంటే వంటింట్లో పెట్టిన డబ్బు పనిచేస్తోందని అర్థం. దిగకపోతే ఎక్కడో గోధుమ తగులుతోంది, అప్పుడు ఇంగువ నుంచి బడి డబ్బా దాకా మళ్లీ వెతకాలి.

ఇక్కడే మీ ఆఖరి ప్రశ్నకు జవాబు. అందరూ గోధుమ మానేయాలన్న ఆలోచన మంచిదే కానీ, వచ్చే నెలే వద్దు. తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో పది పదిహేను మందిలో ఒకరికి ఈ జబ్బు బయటపడుతుంది, లక్షణాలేవీ లేకుండా కూడా. మీ ఇద్దరూ, పాపకు తోబుట్టువులుంటే వాళ్లూ, గోధుమ తింటూ ఉండగానే టీటీజీ-ఐజీఏ, దాని ఫలితాన్ని నమ్మవచ్చో లేదో చెప్పే మొత్తం ఐజీఏ పరీక్ష చేయించుకోవాలి. మానేశాక చేయిస్తే జబ్బు ఉన్నా లేనట్టు చూపిస్తుంది. మళ్లీ వారాల తరబడి గోధుమ తిని పరీక్షకు వెళ్లాల్సిన గతి పడుతుంది. ఫలితాలొచ్చాక నిశ్చింతగా మానేయండి. ఇంట్లో గోధుమపిండే లేకపోతే పైన చెప్పిన సగం జాగ్రత్తలు అక్కర్లేదు.

మూడోది బీమా. ఏజెంటు మాట వినకండి. ఇది నేను గట్టిగా చెబుతున్నాను. పాలసీ తీసుకున్న 60 నెలల లోపు ఎప్పుడైనా జబ్బు దాచారని తేలితే కంపెనీ క్లెయిమ్ తోసిపుచ్చవచ్చు. 60 నెలలు దాటితే ఆ కారణంతో తోసిపుచ్చలేదు, కానీ మోసం చేశారని రుజువు చేయగలిగితే ఆ రక్షణ కూడా ఉండదు. పాప బయాప్సీ కాగితం ఆసుపత్రి రికార్డులో ఉంది, దాచడం మీ చేతిలో లేని పని. ఉన్నది ఉన్నట్టు రాస్తే, ముందు నుంచీ ఉన్న జబ్బుకు నిరీక్షణ కాలం (ఆ జబ్బు ఖర్చు కంపెనీ ఇవ్వని గడువు) గరిష్ఠంగా 36 నెలలే. ఆలోగా పాపకు డెంగీ వచ్చినా, మొదటి 30 రోజులు దాటాక కవరేజీ ఉంటుంది. ప్రమాదాలకైతే మొదటి రోజు నుంచే. ఒక కంపెనీ కాదంటే ఇంకోదాన్ని అడగండి. ఫారం ఏజెంటు నింపినా సంతకం మీది, అందుకని నింపిన కాపీ ఫోనులో ఫొటో తీసి దాచుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు, బిల్లులో వేస్తే అడగండి. ఆఫీసు పాలసీలో పాత జబ్బులకు మొదటి రోజు నుంచీ కవరేజీ ఉందో లేదో హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి. చాలా గ్రూపు పాలసీల్లో ఉంటుంది. ఒక్కమాట, ఉత్త పరీక్షల కోసం ఆసుపత్రిలో చేరితే బీమా ఇవ్వదు. తిండి ఖర్చూ ఇవ్వదు.

పన్ను గురించి దిగులు పడొద్దు. మీవారి చేతికొచ్చే జీతం ఏడాదికి అయిదు లక్షల చిల్లర కదా, కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా పన్నే లేదు. పాత పద్ధతిలో తీవ్ర జబ్బుల చికిత్సకు మినహాయింపు ఉన్నా ఆ జాబితాలో సీలియాక్ లేదు. ఇటలీలో ఈ జబ్బున్నవాళ్లకు ప్రభుత్వమే నెలనెలా తిండికి డబ్బిస్తుంది. అలాంటిది మనకూ రావాలని గట్టిగా కోరుకుంటాను.

ఇక లెక్క. పొట్లాలకు నెలకు 1,500 ఉంచండి. బడిలో పుట్టినరోజు నాడు పాప చేతిలోనూ ఒక కేకు ఉండాలి, అది అనవసర ఖర్చు కాదు. రాగులు, జొన్నలు, నువ్వులు, గుడ్లు, చేపలకు అదనంగా 1,200. ఐరన్, కాల్షియం కోలుకోవాల్సిన పిల్ల కాబట్టి ఇక్కడ కోత పెట్టొద్దు. పరీక్షల కోసం నెలకు 600 వేరే రికరింగ్ డిపాజిట్‌లో. కొత్త బీమా కోసం ప్రస్తుతానికి 1,500 పక్కన పెట్టండి, కొటేషన్ వచ్చాక సరిచేసుకోవచ్చు. మొత్తం 4,800. ఇప్పటి 8,500తో పోలిస్తే 3,700 మిగులు. మొదటి రెండు నెలల మిగులు 7,400తో వంటింటి సామాను వచ్చేస్తుంది, పరీక్షలకు కొంత మిగులుతుంది. చాలకపోతే ఒక్క నెల మాత్రం సిప్‌కు విరామం ఇవ్వండి, రద్దు చేయకండి. డిపాజిట్ అలాగే ఉండనివ్వండి.

చీటీ మాట. ఇప్పుడు పాడితే, ఉదాహరణకు 20,000 పాటకు పోతే, 80,000 చేతికొస్తుంది. ఇంకా 12 నెలలు కట్టాలి. ప్రతినెలా ఉండే వెచ్చాల ఖర్చుకు ఈ అప్పు ఏడాది కూడా నిలవదు. చివరిదాకా ఆగండి. ఈలోగా చీటీ రిజిస్టరైనదో కాదో అగ్రిమెంటు కాపీ అడిగి చూడండి. కాకపోతే నాకు మళ్లీ రాయండి, అప్పుడు లెక్క మారుతుంది. రిజిస్టరైనదైతే, పన్నెండు నెలల తర్వాత నిర్వాహకుడి కమిషన్, అది గరిష్ఠంగా 7 శాతం, పోను వచ్చే సొమ్ములో లక్షలోపు ఎంత మిగిలినా పాప పేరు మీద ఆరోగ్య నిధిగా వేసి, అప్పటి నుంచి ఆ 5,000ను సిప్‌కు కలపండి.