తేలికపాటి స్ట్రోలర్ కొంటున్నారా? బరువు కంటే ముందు పాప మెడ సంగతి చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకు ఐదు వారాలు. నాకు సిజేరియన్ అయింది. మేముండేది రెండో అంతస్తులో, లిఫ్ట్ లేదు. పాపను బయటికి తీసుకెళ్లడానికి ఐదారు కిలోల బరువుండి, ఒంటి చేత్తో మడిచేసే చిన్న స్ట్రోలర్ కొందామనుకుంటున్నాం. కొన్నింటి మీద 'పుట్టినప్పటి నుంచి' అని, కొన్నింటి మీద 'ఆరు నెలల నుంచి' అని ఉంది. ఏది తీసుకోవాలి? మెడకు ఆసరాగా చిన్న దిండు పెడితే ఆరు నెలల రకమైనా సరిపోతుందా? అంత చిన్న చక్రాల బండిలో కుదుపులకు పాప మెదడు అదిరిపోతుందని మా అత్తగారు అసలే వద్దంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
— ఓ పాఠకురాలు

జవాబు: కొనొచ్చమ్మా. అయితే మీరు చూస్తున్న రెండూ, అంటే బరువు, మడత, మోసేవాళ్ల సౌకర్యాలు. అందులో పడుకోబోయే మనిషికి కావాల్సింది వేరే ఉంది. వీపు కింద చదునైన చోటు. మొదటి ఆరు నెలలకు అదొక్కటి లేకపోతే, మిగతావన్నీ ఎంత బాగున్నా ఆ బండి మీ పాపకు ఇప్పుడు పనికిరాదు.

పుట్టిన బిడ్డ పొడవులో దాదాపు నాలుగో వంతు తలే ఉంటుంది. ఆ తలను మోయాల్సిన మెడ కండరాలకు ఇంకా బలం ఉండదు. పైగా పసిపిల్లలకు తల వెనక భాగం కాస్త పొడుచుకు వచ్చినట్టు ఉంటుంది. అందుకే కొంచెం నిటారుగా కూర్చోబెట్టినా తల ముందుకు వాలి, గడ్డం ఛాతీకి ఆనుకుపోతుంది. ఆ వయసులో శ్వాసనాళం సన్నగా, మెత్తగా ఉంటుంది. మెడ అలా ముడుచుకుంటే గాలి వెళ్లే దారి మరింత ఇరుకవుతుంది. మనమైతే కూర్చుని కునుకు తీస్తూ తల వాలితే ఉలిక్కిపడి సర్దుకుంటాం. ఐదు వారాల పాప తల ఎత్తుకోలేదు, పక్కకు జరగలేదు. ఏడ్చి పిలవాలన్నా ఊపిరి అందాలి కదా. పెనుగులాట, చప్పుడు ఏమీ ఉండకపోవచ్చు. చూసేవాళ్లకు హాయిగా నిద్రపోతున్నట్టే ఉంటుంది. ఈ విషయంలో నేను కాస్త గట్టిగా చెప్పడానికి కారణం అదే.

చాలామంది పిల్లలకు నాలుగో నెల ప్రాంతంలో మెడ నిలుస్తుంది. ఆరో నెలకు ఆసరాతో, ఆ తర్వాత నెమ్మదిగా ఆసరా లేకుండా కూర్చుంటారు. 'ఆరు నెలల నుంచి' అని రాసే బండ్లు ఆ దశకు చేరిన పిల్లల కోసం చేసినవి. ఆ రాతను కంపెనీవాళ్లు తమ జాగ్రత్త కోసం రాసుకున్నదిగా కొట్టిపారేయకండి.

'పుట్టినప్పటి నుంచి' అన్న రాతను మాత్రం చూడగానే నమ్మేయొద్దు. స్ట్రోలర్ల మీద యూరప్‌లో ఈఎన్ 1888 అనే భద్రతా ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఆరు నెలల లోపు పిల్లలను పడుకోబెట్టే సీటుకూ, వీపు ఆనే భాగానికీ మధ్య కోణం కనీసం 150 డిగ్రీలు ఉండాలి. మామూలు కుర్చీకి అది 90 చిల్లర, నేల మీద పరుపుకైతే 180. అంటే 150 కూడా పూర్తి చదును కాదు, అంతకు తగ్గకూడదన్న హద్దు మాత్రమే. నన్నడిగితే మొదటి మూడు నాలుగు నెలలు పూర్తి చదునుకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిదంటాను. కొన్ని చిన్న బండ్లకు విడిగా తొట్టి లాంటి పడక బిగించుకునే వీలుంటుంది. అలాంటిది దొరికితే మరీ మేలు. కాకపోతే దాంతో బరువు పెరుగుతుంది, మడత కూడా అంత తేలిగ్గా ఉండదు.

కొనేముందు బండిని విప్పించి, వీపు భాగాన్ని పూర్తిగా వెనక్కి వాల్చి, పక్కకు వెళ్లి వంగి చూడండి. పైనుంచి చూస్తే అన్నీ చదునుగానే కనిపిస్తాయి. పక్క నుంచి చూస్తేనే అసలు వాలు తెలుస్తుంది. తర్వాత సీటూ, వీపు భాగమూ కలిసే చోట అరచేతితో గట్టిగా నొక్కండి. తేలికపాటి బండ్లలో బరువు తగ్గించడం కోసం గట్టి పలకకు బదులు గుడ్డనే లాగి కడతారు. నొక్కినచోట గుడ్డ ఊయలలా కుంగిందంటే, పాప నడుము ఆ గుంటలోకి జారి, పైభాగం ముందుకు ముడుచుకుంటుంది. కోణం కాగితం మీద సరిపోయినా సరే, ఆ బండి వద్దు. ఇంకొకటి, పూర్తిగా వాల్చినప్పుడు కాళ్ల వైపు ఖాళీ మూసుకుంటుందో లేదో చూడండి. బెల్టు పెట్టని పసిపాప ఆ సందులోంచి కాళ్ల వైపుగా జారి, తల దగ్గర ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది.

దిండు సంగతి. వద్దు. మీరు పెట్టే దిండు తల వెనక్కి చేరి తలను ఇంకాస్త ముందుకు తోస్తుంది. అంటే మీరు దేనికి భయపడి పెడుతున్నారో సరిగ్గా అదే జరుగుతుంది. బండితో పాటు అదే కంపెనీ ఇచ్చిన, ఆ మోడల్ కోసమే తయారైన మెత్త అయితే వేరే సంగతి. విడిగా అమ్మే మెడ దిండ్లు, చుట్టూ పెట్టే మెత్తలు ఎంత ముద్దుగా ఉన్నా కొనకండి.

ఇక మీ అత్తగారి భయం. బండి నడకలో వచ్చే మామూలు కుదుపులకు మెదడు దెబ్బతినదు. కోపంతో పసిపిల్లల్ని పట్టుకుని గట్టిగా ఊపేసినప్పుడు మెదడుకు గాయమయ్యే మాట నిజమే. కానీ ఆ ఊపుకూ, దారిలో చక్రం ఎగిరిపడటానికీ పోలికే లేదు. అలాగని ఆవిడ మాటను పూర్తిగా తీసిపారేయకండి. చిన్న గట్టి చక్రాలు ప్రతి గతుకునూ సీటు దాకా తెస్తాయి. మెడ నిలవని పాప ఆ కుదుపులకు కొద్దికొద్దిగా కిందికి జారుతుంది, తల ఓ పక్కకు వాలిపోతుంది. కాబట్టి నున్నటి దారిలో నెమ్మదిగా నడవండి, గతుకులు వస్తే ముందు చక్రాలు కాస్త పైకెత్తి దాటించండి. ఈ రకం బండి తోస్తూ పరిగెత్తడం మాత్రం పాప పెద్దయ్యాక కూడా వద్దు, అవి అందుకు చేసినవి కావు.

పాప ముఖం మీ వైపు ఉండే బండి దొరికితే దానికే నా ఓటు. చాలా చిన్న బండ్లలో పిల్లలు ముందుకే చూస్తారు, వెనక తోసేవాళ్లకు పైకప్పు తప్ప ఏమీ కనపడదు. మొదటి నెలల్లో మీ కళ్లు పాప గడ్డం మీద ఉండాలి. గడ్డానికీ ఛాతీకీ మధ్య కనీసం ఒక వేలు దూరేంత ఖాళీ ఉందా, ముక్కూ నోరూ దేనికైనా ఆనుకున్నాయా అని నడుస్తూనే చూసుకోగలగాలి. ముందుకు చూసే బండే దొరికితే కాసేపటికోసారి ఆగి, ముందుకొచ్చి చూడండి. పైకప్పులో చిన్న కిటికీ ఉన్న మోడళ్లు కొంతవరకు నయం.

ఇప్పుడు మీ గురించి, ఎందుకంటే ఉత్తరంలో మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన విషయం నాకు ముఖ్యంగా కనిపించింది. సిజేరియన్ తర్వాత మొదటి ఆరు వారాలు సాధారణంగా బిడ్డ కంటే బరువైనవి ఎత్తొద్దని చెబుతాం. ఆరు కిలోల బండి అంటేనే ఐదు వారాల పాప కంటే ఎక్కువ బరువు. పాపను ఒక చంకన, మడిచిన బండిని ఇంకో చేత్తో పట్టుకుని రెండంతస్తులు ఎక్కడం కుట్లకే కాదు, మెట్ల మీద ఇద్దరికీ ప్రమాదం. బండిని వేరేవాళ్లు తేవాలి, లేదా కిందే ఎక్కడైనా భద్రంగా పెట్టుకునే ఏర్పాటు చూసుకోవాలి. ఆరు వారాలు దాటాక కూడా మీ డాక్టర్ చూసి సరే అన్నాకే మోయండి. కాన్పయిన కొత్తలో చాలామంది తల్లులకు బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి వస్తుంది, పాపను అదేపనిగా ఎత్తుకోవడం వల్ల. 'ఒంటి చేత్తో మడత' అని ప్రకటనలో చూపించేది, గట్టి మీట నొక్కి మణికట్టు తిప్పాల్సిన పనైతే ఆ నొప్పి ఎక్కువవుతుంది. కాబట్టి మడత మీరే స్వయంగా రెండు మూడు సార్లు వేసి చూడండి. తోసేటప్పుడు నడుము వంగకుండా, మోచేతులు కాస్త మడిచి పట్టుకునే ఎత్తులో హ్యాండిల్ ఉండాలి. ఇంట్లో మీ ఆయన పొడుగైతే ఆయన చేత కూడా తోయించి చూడండి.

మడత అన్నాక ఒక హెచ్చరిక. 2009లో అమెరికాలో గొడుగులా మడిచే స్ట్రోలర్లను దాదాపు పది లక్షలు వెనక్కి పిలిచారు. మడత కీళ్లలో పడి పిల్లల వేలి కొసలు తెగిపోయిన ఘటనలు 12 నమోదయ్యాయి. ఆ తర్వాత కీళ్లకు తొడుగులు పెట్టడం మొదలైంది. పాత బండి ఎవరైనా ఇస్తామంటే కీళ్లకు తొడుగులున్నాయో లేదో ముందు అదే చూడండి. విప్పేటప్పుడు, మడిచేటప్పుడు పిల్లలెవరూ చేతికందేంత దూరంలో ఉండకూడదు. విప్పాక తాళం 'టక్'మని పడిందో లేదో ఓసారి కిందికి నొక్కి నిర్ధారించుకున్నాకే పాపను పడుకోబెట్టండి.

బెల్టు ఐదు చోట్ల పట్టేది కావాలి: రెండు భుజాలు, నడుముకు రెండు పక్కలా, కాళ్ల మధ్య. నిద్రపోతోంది కదా అని ఒక్కసారి కూడా పెట్టకుండా వదలొద్దు. బ్రేకు వెనక రెండు చక్రాలనూ పట్టాలి. తేలికపాటి బండ్లతో ఇంకో చిక్కుంది. హ్యాండిల్‌కు బరువైన సంచి తగిలిస్తే వెనక్కి తిరగబడతాయి, ముఖ్యంగా మనం పాపను ఎత్తుకున్న మరుక్షణం, లేదా పాప కాస్త కదిలినప్పుడు. సామాను కింది బుట్టలోనే పెట్టండి.

ఎండగా ఉందని బండి మీద గుడ్డ కప్పేస్తుంటారు. నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించే అలవాటు ఇది. నీడ వస్తుంది, నిజమే. కానీ గాలి ఆగిపోయి లోపల బయటికంటే వేడెక్కుతుంది, పాప మీ కంటికి కనపడదు కూడా. గుడ్డ పలచనిదైనా అంతే. పైకప్పు లాగి, నీడ ఉన్న దారిలో, ఎండ తగ్గాక వెళ్లండి. ఆరు నెలల లోపు పిల్లలకు నేరుగా ఎండ తగలనివ్వకూడదు. సన్‌స్క్రీన్ రాసి ఎండలోకి తీసుకెళ్లడం దీనికి బదులు కాదు. పాపకు వేడిగా ఉందో లేదో చేతులు, కాళ్లు పట్టి చూస్తే తెలియదు, అవి మామూలుగానే కాస్త చల్లగా ఉంటాయి. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. చెమటగానో, వేడిగానో ఉంటే ఒక వరస బట్ట తీసేయండి.

బండిలో నిద్రపోతే? పోనివ్వండి, దారిలో లేపాల్సిన పనిలేదు. ఇల్లు చేరాక మాత్రం నిద్ర చెడుతుందని బండిలోనే వదిలేయకుండా తీసి, గట్టి చదునైన పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టండి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా కూర్చోబెట్టే సాధనాలను, అంటే కార్ సీటు, స్ట్రోలర్, ఊగే కుర్చీలను, రోజూ నిద్రపుచ్చే చోట్లుగా వాడొద్దనే చెబుతోంది, మరీ ముఖ్యంగా నాలుగు నెలల లోపు పిల్లలకు. కార్ సీటును తీసి బండి చట్రం మీద బిగించే రకాలకూ ఇదే వర్తిస్తుంది. కారులో దానికి మించిన భద్రత లేదు, కానీ షికారంతా అందులోనే ఉంచడం మంచిది కాదు.

ఇన్ని చెప్పాక, మీ ఇంటి పరిస్థితికి నా సలహా ఇది. వెంటనే బండి తప్పనిసరి కాకపోతే ఇప్పుడు కొనకండి. ఈ మూడు నాలుగు నెలలు దగ్గరి పనులకు, మీ కుట్లు మానాక, పాపను ఛాతీకి కట్టుకునే క్యారియర్ మెట్లిళ్లలో బండి కంటే సుఖం. అక్కడా నియమం ఒకటే: ముఖం కనపడాలి, గడ్డం ఛాతీకి ఆనకూడదు, మీరు కాస్త తల వంచితే పాప నుదుటిని ముద్దు పెట్టుకునేంత ఎత్తులో ఉండాలి. పాప ఆరు నెలలు దాటి, మెడ నిలిపి కూర్చోవడం మొదలుపెట్టాక మీరు చూసిన ఆ ఐదారు కిలోల బండే నిశ్చింతగా తీసుకోండి. ఇప్పుడే కావాలంటే పూర్తిగా వాలే రకానికి వెళ్లండి. కిలో రెండు కిలోలు ఎక్కువైనా పర్వాలేదు, మోసేది ఎలాగూ మీరు కాదు కదా.

పాప నెలలు నిండకుండా పుట్టినా, బరువు తక్కువైనా, ఒళ్లు మెత్తగా వేలాడినట్టు ఉన్నా ఈ నెలల లెక్కలు మీకు వర్తించవు. మీ పిల్లల డాక్టర్‌కు చూపించి ఆయన చెప్పినట్టే చేయండి. బండిలో ఉన్నప్పుడు ఊపిరి తీస్తుంటే మూలుగు లాంటి చప్పుడు వచ్చినా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుంటున్నా, పెదాలు నీలంగా మారినా, పిలిచినా కదలకపోయినా వెంటనే బయటికి తీసి మెడ వాలిపోకుండా పట్టుకోండి. ఊపిరి తీసుకోకపోతే వెంటనే సాయం కోసం పిలవండి. తేరుకుందని ఇంటికి వెళ్లిపోకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.