తొమ్మిది హోల్స్ చాలు

ప్రశ్న: మా అబ్బాయి కేంబ్రిడ్జ్‌లో చదువుతున్నాడు. డిసెంబరులో వెళ్తున్నాను. దగ్గర్లో చూడదగ్గ పాత గోల్ఫ్ క్లబ్బు ఉందా? ఆ చలిలో ఆడగలమా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఉందండీ. సఫక్ కౌంటీలో, మిల్డెన్‌హాల్ దగ్గరి పల్లెపట్టున రాయల్ వర్లింగ్టన్ అండ్ న్యూమార్కెట్ క్లబ్బు. 1893లో పెట్టారు. ఉన్నవి తొమ్మిదే హోల్స్. పూర్తి ఆటకు పద్దెనిమిది కావాలంటే రెండు చుట్లు తిరగాల్సిందే. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ జట్టుకు ఇదే సొంతిల్లు. చార్లెస్ డార్విన్ మనవడు, గోల్ఫ్ రచయిత బెర్నార్డ్ డార్విన్‌కి ఈ కోర్సంటే ప్రాణం.

చలికాలమని భయపడకండి. అడుగున ఇసుక నేల, వాన నీళ్లు ఇట్టే ఇంకిపోతాయి. నేను జనవరిలో వెళ్లాను. పొద్దున ఊళ్లో బురద తొక్కిన బూట్లు ఇక్కడ గడ్డి మీద వాటంతటవే తుడుచుకుపోయాయి!

అయిదో హోల్ దగ్గర మాత్రం కాసేపు నిలబడండి. చిన్నదే, ఒక్క బంకరూ (ఇసుక గుంట) లేదు. కానీ గ్రీన్, అంటే గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి, సన్నగా పొడుగ్గా, గుర్రం వీపులా ఉంటుంది. నా బంతి ఎడమకి జారింది. అక్కణ్ణుంచి కొడితే కుడికి, మళ్లీ ఎడమకి. ఏడు దెబ్బల తర్వాత లెక్కపెట్టడం మానేశాను.

ఇది సభ్యుల క్లబ్బు. ముందే ఉత్తరం రాసి, రమ్మన్నాకే వెళ్లండి. కాలరున్న చొక్కా మర్చిపోవద్దు. బస్సుల్ని నమ్ముకోకండి, అబ్బాయి చేత కారు మాట్లాడించండి.