దసరాకు వచ్చి పని వెతకొద్దు

గల్ఫ్ నుంచి వాపసు రావాలనుకునే పాఠకుల ప్రశ్నలకు జవాబులు. రాస్తున్నది షార్జాలో పదమూడేళ్లు చిల్లర్ల (పెద్ద భవనాల ఏసీకి నీళ్లు చల్లబరిచే మిషన్ల) మీద పనిచేసి, ఇప్పుడు హనుమకొండలో ఏసీ, కోల్డ్ స్టోరేజీ పనులు చేసుకుంటున్న మెకానిక్.

ప్రశ్న: అన్నా, మాది కోరుట్ల పక్కన ఊరు. దుబాయ్‌లో ఒకే కంపెనీలో 12 ఏళ్లుగా చిల్లర్ టెక్నీషియన్‌ని. బేసిక్ 2,000 దిర్హమ్‌లు, అలవెన్సులతో కలిపి 3,600. పోయిన దసరాకు వచ్చినప్పుడు కరీంనగర్‌లో, హనుమకొండలో నాలుగైదు చోట్ల పని అడిగాను. ఒకాయన 15 వేలు ఇస్తానన్నాడు. ఇంకొకాయన ఐటీఐ సర్టిఫికెట్ ఉందా అన్నాడు. నేను టెన్త్ తర్వాత పనిలో పడి నేర్చుకున్నవాణ్ని. పెద్ద బిడ్డ తొమ్మిదో తరగతికి వచ్చింది. వాపసు రావాలని ఉంది, వస్తే ఇల్లు గడుస్తుందా అని టెన్షన్.
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: తమ్ముడూ, నువ్వు అడిగిన మనుషులు తప్పు కాదు, అడిగిన నెల తప్పు. దసరా నాటికి మన దగ్గర ఏసీ పని పడిపోతుంది. ఉన్న పనివాళ్లకు జీతాలు ఎట్లా సర్దాలా అని షాపాయన చూస్తుంటాడు. అప్పుడు పోయి నిలబడితే నీ పన్నెండేళ్ల పనికి 15 వేలే పలుకుతుంది. నేనూ అదే చేశాను. బతుకమ్మకు ఇంట్లో ఉండొచ్చని వచ్చి, పండుగ కాగానే హనుమకొండలో ఒక షాపుకు పోయాను. తొమ్మిది వేలు అన్నాడు. తెప్పించిన చాయ్ కూడా తాగకుండా లేచొచ్చి, ఆ కోపంలోనే మళ్లీ విమానం ఎక్కాను. ఇంకో రెండేళ్లు అక్కడే పోయాయి. మా చిన్నోడు అప్పుడే నడక నేర్చాడు, నేను వీడియోలో చూశాను.

ఈసారి చుట్టీ ఫిబ్రవరిలో పెట్టు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది కదా, మా ఫోన్లు ఆ వారం నుంచే మోగుతాయి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి ముమ్మరంగా వచ్చేదీ ఆ రోజుల్లోనే. రేటు నచ్చని రైతు బస్తాలను కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాడు. గదులు నిండిన తర్వాత కంప్రెసర్ ఆగిందంటే యజమానికి కంటి మీద కునుకుండదు. పని తెలిసినవాడు ఆ రాత్రి దొరికితే సర్టిఫికెట్ సంగతి తెల్లారాక అడుగుతాడు. నాకు మొదటి పని అట్లనే దొరికింది, మార్చిలో, రాత్రి పదకొండింటికి.

అయితే ఒక మాట. నువ్వు చూసినవి ఫ్రియాన్ గ్యాస్‌తో చల్లబరిచే చిల్లర్లు. ఇక్కడి పెద్ద కోల్డ్ స్టోరేజీల్లో నడిచేది అమ్మోనియా. అమ్మోనియా రాగిని, ఇత్తడిని తినేస్తుంది, అందుకే పైపులన్నీ ఇనుమువే. ఇది తెలియక నేను మొదటి రోజు సంచిలో రాగి పైపు, ఇత్తడి ఫిట్టింగులు వేసుకొని పోయాను. అక్కడ ఇరవై ఏళ్లుగా ఉన్న ఆపరేటర్ తాత చూసి, “దుబాయ్ సారు బంగారం తెచ్చిండు” అని అందరికీ చెప్పాడు. ఆయన దగ్గరే నెల రోజులు కూర్చుని నేర్చుకున్నాను. గ్యాస్ లీకైతే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి మాస్కు ఎక్కడుంది, ఏ వాల్వు ముందు కట్టేయాలి అనేవి తెలియకుండా లోపలికి అడుగు పెట్టకు. ఇంటి ఏసీలను కూడా చిన్నచూపు చూడకు. కొత్త స్ప్లిట్‌లలో ఎక్కువగా వచ్చే ఆర్-32 గ్యాస్‌కు మంట అంటుకునే గుణం ఉంది. పాత ఆర్-22 అలవాటుతో టార్చ్ పెడితే కుదరదు.

ఇక కాయితాలు. మనవాళ్లలో చాలామందికి వీసా మీద హెల్పర్ అని ఉంటుంది, చేసేది మాత్రం మెకానిక్ పని. అనుభవ పత్రం అడిగితే పైసా తీసుకోకుండా ఇవ్వాలని యూఏఈ చట్టమే చెబుతోంది. “ఇతను మా దగ్గర పనిచేశాడు” అని రెండు లైన్లు ఇస్తే తీసుకోకు. నాకు మా కంపెనీ అట్లాంటిదే ఇచ్చింది, ఇప్పటికీ పెట్టెలో ఉంది, ఎవరికీ చూపించలేదు. స్క్రూ కంప్రెసరా, సెంట్రిఫ్యూగలా, ఎన్ని టన్నుల మిషన్, మొత్తం విప్పి ఓవర్‌హాల్ చేశావా, ఉత్త సర్వీసింగేనా, ఇవన్నీ రాయించుకో. ఐటీఐ లేదని దిగులు వద్దు. స్కిల్ ఇండియా కింద ఆర్‌పీఎల్ అని ఉంది, నేర్చిన పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. రెండేళ్ల కోర్సు కూర్చోనక్కర్లేదు.

హిసాబు కూడా ముందే వేసుకో. గ్రాట్యుటీ, అంటే పని మానేటప్పుడు కంపెనీ ఇచ్చే సర్వీసు పైసలు, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజులు, ఆ తర్వాత ఏడాదికి 30 రోజుల లెక్క. నీ పన్నెండేళ్లకు 105, 210 కలిపి 315 రోజులు. కానీ లెక్క కట్టేది బేసిక్ మీదనే, కాబట్టి నీకు వచ్చేది 21,000 దిర్హమ్‌లు. మొత్తం జీతం మీద వేసుకొని 37,800 వస్తుందని ఇంట్లో చెప్పావో, ఆ పైసలు రాకముందే ఖర్చయిపోతాయి. రాజీనామా చేసినా ఇది పోదు. కాంట్రాక్టు ముగిసిన 14 రోజుల్లోపు ఇవ్వాలి. వీసా క్యాన్సిల్ కాయితం మీద “అన్నీ ముట్టాయి” అని ఉంటే, నిజంగా ముట్టాకే సంతకం పెట్టు.

నీ స్థాయి చిల్లర్లు ఎక్కువ ఉన్నది హైదరాబాద్‌లో, డేటా సెంటర్లు, మందుల ఫ్యాక్టరీలు, మాల్స్‌లో. జీతమూ అక్కడే మెరుగు. కానీ బిడ్డ కోసం వచ్చి మళ్లీ హైదరాబాద్‌లో గది తీసుకుంటే ఆదివారం నాన్నవే అవుతావు. నేనైతే కరీంనగర్‌లోనో హనుమకొండలోనో ఏదైనా ఆసుపత్రి ఏసీ మెయింటెనెన్స్‌లో చేరమంటాను. ఏడాది పొడవునా పని ఉంటుంది. షాపు మాత్రం మొదటి ఏడాది తెరవకు. గ్రాట్యుటీ మొత్తం అద్దె అడ్వాన్సుకు, బోర్డుకు పోతుంది.

ప్రశ్న: మా ఆయన మస్కట్ నుంచి పూర్తిగా వచ్చేశారు. ఎన్ఆర్ఈ ఖాతా (బయటి దేశంలో ఉండేవాళ్లకు బ్యాంకు ఇచ్చేది), అందులో ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉన్నాయి. అట్లాగే ఉంచొచ్చా?
– ఒక గృహిణి, మెట్‌పల్లి

జవాబు: ఖాతాను అట్లాగే ఉంచకూడదమ్మా. ఇక్కడే ఉండిపోవడానికి వచ్చారని బ్యాంకులో చెప్పి సేవింగ్స్ ఖాతాను మామూలు ఖాతాగా మార్పించుకోవాలి. డిపాజిట్‌ను గడువు దాకా ఒప్పుకున్న వడ్డీకే నడవనిస్తారు. కాకపోతే వచ్చేసిన నాటి నుంచి ఆ వడ్డీకి పన్ను మినహాయింపు ఉండదు, ఆదాయంలో చూపించాలి. ఆయన పాస్‌పోర్టు వెంట తీసుకెళ్లండి, చివరిసారి దిగిన తేదీ ముద్ర అందులో ఉంటుంది.