తుపాకి ఇంట్లో ఉన్నవాడిగా నా మాట: నిబంధనలు ఉండాల్సిందే

టెక్సాస్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్ళు అడిగే సందేహాల్లో ఈమధ్య తుపాకి గురించినవి బాగా పెరిగాయి. "అన్నా, ఇక్కడ లైసెన్సు కూడా అక్కర్లేదటగా?" "వీకెండ్‌కి ఫ్రెండ్స్ షూటింగ్ రేంజ్‌కి (తుపాకి కాల్చడం ప్రాక్టీసు చేసే చోటుకి) రమ్మంటున్నారు, వెళ్ళొచ్చా?" "మా అపార్ట్‌మెంట్ల దగ్గర దొంగతనాలు జరుగుతున్నాయి, ఒకటి కొని పెట్టుకోమంటారా?" నేను డాలస్ దగ్గర ఉంటాను. ఇంట్లో పిస్టల్ ఉంది, రేంజ్‌కి వెళ్తుంటాను. అందుకే నన్ను అడుగుతారు.

ముందు వీసా సంగతి చూసుకోండి. ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, బి-2 లాంటి నాన్ ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద వచ్చినవాళ్ళ దగ్గర తుపాకి గానీ తూటాలు గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించే చట్టం చెబుతోంది. కొనకపోతే సరిపోతుందని అనుకోకండి. రేంజ్‌లో అద్దెకు తీసుకుని పట్టుకున్నా, స్నేహితుడి తుపాకితో కాల్చినా దాని కిందకే వస్తుంది. 2022 నుంచి శిక్ష పదిహేనేళ్ళ వరకు ఉండొచ్చు. ఆయుధాల కేసులో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళను కూడా దేశం నుంచి పంపించేయవచ్చు.

రేంజ్‌లో సరదాగా కాలిస్తే ఎవరు పట్టించుకుంటారు అంటారా? ఫ్లోరిడాలో స్టూడెంట్ వీసా మీద చదివి, యూనివర్సిటీ నుంచి తొలగించాక కూడా అక్కడే ఉండిపోయిన ఒక కుర్రాడు రేంజ్‌కి వెళ్ళి కాల్చాడు. అదే కేసయింది, జైలుకెళ్ళాడు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తను చట్టవిరుద్ధంగా ఉంటున్న సంగతి అతనికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని 2019లో కోర్టు చెప్పింది. ఇది చదివాక "నాకు తెలియదు" అనే అవకాశం మీకు లేదు.

ఒక మినహాయింపు ఉంది. రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ (వేట) లైసెన్సు చెల్లుబాటులో ఉంటే వీసా మీదున్నవాళ్ళు కూడా కొనవచ్చు. ఆ లైసెన్సు సులువుగా దొరుకుతుంది కాబట్టి మన విద్యార్థులు కొందరు ఈ దారి పట్టారు. చట్టం ఒప్పుకుంటుంది, కాదనను. కానీ గడువు తీరిందంటే అల్మరాలో ఉన్న అదే తుపాకి మిమ్మల్ని నేరస్థుణ్ణి చేస్తుంది. పైగా ఆ లైసెన్సు చేతికి రావడం వేరు, తుపాకిని ఎలా పట్టుకోవాలో తెలియడం వేరు. 2024 నవంబరులో అట్లాంటాలో తెలంగాణ విద్యార్థి ఒకరు పుట్టినరోజు నాడే, తన వేట తుపాకి శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు. ఆ వార్త చదివినప్పటి నుంచి ఏ విద్యార్థి అడిగినా నా సలహా ఒకటే: చదువు అయ్యేదాకా దీని జోలికి వెళ్ళకండి.

"లైసెన్సు అక్కర్లేదు" అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో ఇరవై ఒక్క ఏళ్ళు నిండి, చట్టప్రకారం అర్హత ఉన్నవాళ్ళు పర్మిట్ లేకుండానే పిస్టల్ వెంట తీసుకెళ్ళవచ్చు. ఆ "అర్హత ఉన్నవాళ్ళు" అన్న మాటే మనవాళ్ళకి వినబడదు. రాష్ట్రం ఎంత వదులుగా ఉన్నా ఫెడరల్ నిషేధం అలాగే ఉంటుంది.

గ్రీన్ కార్డు వచ్చాక కొనాలనుకుంటే షాపులో 4473 అనే ఫారం నింపాలి. పేరు, చిరునామా, పౌరసత్వం, ఇమిగ్రేషన్ స్టేటస్, నేరచరిత్ర, గృహహింస కేసులు, మత్తుపదార్థాల వాడకం, అన్నీ అడుగుతారు. అన్నిటికంటే ముందు వచ్చే ప్రశ్నల్లో ఒకటి, ఈ తుపాకి నిజంగా కొంటున్నది మీరేనా అని. వీసా మీదున్న తమ్ముడో బావమరిదో డబ్బిస్తే గ్రీన్ కార్డు ఉన్న అన్న వెళ్ళి కొని తెస్తే, అక్కడ "అవును" అని టిక్ పెట్టడం అబద్ధం చెప్పడమే. అదే పెద్ద నేరం. తుపాకి ఉండకూడనివాళ్ళ కోసం అలా కొనిపెట్టినందుకు పదిహేనేళ్ళ వరకు పడొచ్చు. బంధువు అడిగాడని మొహమాటపడకండి. ఫారం ఇచ్చాక, మీకు అమ్మవచ్చో లేదో షాపువాళ్ళు ఎఫ్‌బీఐ సిస్టమ్‌లో చెక్ చేస్తారు. చాలాసార్లు నిమిషాల్లో జవాబు వచ్చేస్తుంది.

ఆ కౌంటర్ దగ్గర నిలబడి ఆ ప్రశ్నలన్నిటికీ జవాబిచ్చినవాణ్ణి నేను. నాకు అవమానంగా ఏమీ అనిపించలేదు. ఇండియాలో తుపాకి లైసెన్సు కావాలంటే పోలీసు విచారణ, అధికారుల సంతకాలు దాటాలి. దాంతో పోలిస్తే ఇది ఎంత? నా బాధల్లా ఆ ఫారం అందరికీ లేకపోవడమే. ఫెడరల్ చట్టం ప్రకారం లైసెన్సున్న డీలరే ఈ చెక్ చేయాలి. ఒక వ్యక్తి ఇంకో వ్యక్తికి అమ్ముకుంటే అక్కర్లేదు. కాలిఫోర్నియా, కొలరాడో, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాలు దాన్నీ తప్పనిసరి చేశాయి, టెక్సాస్ చేయలేదు. 2019 ఆగస్టు 31న ఇక్కడి మిడ్‌లాండ్, ఒడెస్సా ఊళ్ళలో ఏడుగురిని చంపినవాడు అంతకుముందు డీలరు దగ్గర చెక్‌లో ఫెయిలయ్యాడు. తర్వాత ప్రైవేటుగా అమ్మేవాడి దగ్గర రైఫిల్ కొన్నాడు. ముందు తలుపు మూసి పెరటి తలుపు బార్లా తెరిచినట్టే కదా.

చెక్‌కి జవాబు రాకుండా మూడు పనిదినాలు గడిచినా డీలరు తుపాకి ఇచ్చేయవచ్చు. 2015లో చార్ల్స్‌టన్ చర్చిలో తొమ్మిది మందిని చంపినవాడికి పిస్టల్ అలాగే చేతికొచ్చింది. అతనికి అమ్మి ఉండకూడదని ఎఫ్‌బీఐ తర్వాత ఒప్పుకుంది. నాకు తుపాకి వారం ఆలస్యంగా వచ్చినా నష్టం లేదు. తొందరపడి కొనేవాడికే ఆ వారం కీలకం.

ఇలా అంటే రేంజ్‌లో నా స్నేహితులు కొందరు, రాజ్యాంగం ఇచ్చిన హక్కును తగ్గిస్తున్నావంటారు. వాళ్ళంటే నాకు గౌరవం ఉంది, కానీ ఒప్పుకోను. ఇంట్లో రక్షణకు తుపాకి ఉంచుకోవడం వ్యక్తి హక్కని 2008లో హెల్లర్ కేసులో చెప్పిన సుప్రీంకోర్టు, ఈ హక్కుకు హద్దులున్నాయని అదే తీర్పులో రాసింది. గృహహింస కేసులో కోర్టు ఆంక్షలున్న వ్యక్తి దగ్గర తుపాకి ఉండకూడదన్న చట్టాన్ని 2024లో రహిమి కేసులో ఎనిమిది మంది జడ్జీలు సమర్థించారు, ఒక్కరే విభేదించారు. భార్యను కొట్టి బెదిరించేవాడి చేతిలో తుపాకి ఉండకూడదంటే నా హక్కు ఎక్కడ తగ్గింది?

ఇక అన్నిటికంటే ఎక్కువగా చెప్పాల్సింది ఇంట్లో దాచే విషయం. అమెరికాలో తుపాకితో చనిపోయేవాళ్ళలో సగం పైగా ఆత్మహత్యలే. ఉద్యోగం పోయి, వీసా గడువు రోజులు లెక్కపెట్టుకునే టెన్షన్ ఎలా ఉంటుందో మనవాళ్ళకు చెప్పనక్కర్లేదు. అలాంటి రాత్రి సొరుగు తీయగానే తుపాకి దొరకకూడదు. మా ఇంట్లో పిస్టల్ గోడకు బిగించిన చిన్న ఇనుప సేఫ్‌లో ఉంటుంది. తూటాలు వేరే గదిలో వేరే తాళం కింద ఉంటాయి. పిస్టల్ లోపల పెట్టే ముందు తూటాలుండే మ్యాగజైన్ తీసి, పైనున్న స్లైడ్ వెనక్కి లాగి, ఛాంబర్‌లో (పేలే ముందు తూటా ఉండే చోట) తూటా లేదని కళ్ళతో చూసి, చిటికెన వేలు పెట్టి కూడా చూస్తాను. అమ్మానాన్నా విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు సేఫ్ కోడ్ వాళ్ళకి చెప్పను. చట్టప్రకారం వాళ్ళ చేతికి అది అందకూడదు, మనవలు కూడా వాళ్ళ దగ్గరే ఆడుకుంటుంటారు. టెక్సాస్‌లో పదిహేడేళ్ళ లోపు పిల్లల చేతికి లోడు చేసిన తుపాకి అందేలా వదిలేస్తే పెద్దవాళ్ళ మీద కేసు అవుతుంది. మసాచుసెట్స్‌లో తాళం వేయడమే తప్పనిసరి. ఆ నిబంధన దేశమంతా రావాలని గట్టిగా కోరుకుంటాను. మీ పిల్లల్ని వేరేవాళ్ళ ఇంటికి ఆడుకోవడానికి (ప్లే డేట్‌కి) పంపేటప్పుడు "ఇంట్లో గన్ ఉందా, తాళంలో ఉందా" అని ఆ ఇంటివాళ్ళని అడగండి. తుపాకి ఉన్న మంచివాళ్ళెవరూ ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

ఇక దొంగతనాల భయంతో అడిగినవాళ్ళకి. మీ భయం ఊరికే వచ్చింది కాదు. 2017లో కాన్సస్‌లోని ఒలేథాలో బార్‌లో కూర్చున్న మన తెలుగు ఇంజనీరును కాల్చి చంపారు. 2023 మేలో ఇక్కడే అలెన్ మాల్‌లో చనిపోయిన ఎనిమిది మందిలో హైదరాబాద్ అమ్మాయి ఉంది. అయినా ఆ రెండు చోట్లా ఇంట్లో ఉన్న తుపాకి ఎవరికీ పనికొచ్చేది కాదు. అపార్ట్‌మెంట్ తలుపుకు మంచి డెడ్‌బోల్ట్ (గట్టి గడియ తాళం) వేయించుకోండి, డోర్ కెమెరా పెట్టుకోండి, బంగారం బ్యాంకు లాకర్లో పెట్టండి, అద్దె ఇంట్లో సామానుకు రెంటర్స్ ఇన్సూరెన్స్ తీసుకోండి. ఎవరైనా లోపలికి వస్తున్నట్టు అనిపిస్తే గది తాళం వేసుకుని 911కి ఫోన్ చేయండి. గ్రీన్ కార్డు వచ్చాక కూడా కొనాలనే ఉంటే ముందు రేంజ్‌లో ట్రైనింగ్ క్లాసు చేయండి. సేఫ్ కొని గోడకు బిగించాకే షాపుకి వెళ్ళండి.