యూనియన్ లీడరు మంత్రయితే కార్మికుడికి ఒరిగేదేంటి?

ఒరుగుతుంది. కాకపోతే ఆ మంత్రికి కుర్చీ వదిలే దమ్ముండాలి. ఈ ప్రశ్న అడిగినాయన, కార్మిక నాయకుడిగా మొదలై రాష్ట్రపతి దాకా వెళ్లిన వి.వి.గిరి గారి పేరు కూడా ఎత్తారు కాబట్టి ఊరుకోలేక రాస్తున్నా.

1978లో విజయవాడ గవర్నర్‌పేటలో ఒక బ్యాంకులో గుమాస్తాగా చేరాను. మా హెడ్ క్యాషియర్ గారు సాయంత్రం తడి స్పాంజి మీద వేలద్దుకుని నోట్లు లెక్కపెడుతూనే, "గిరి మా జీతాల కోసం పదవి వదిలేశాడయ్యా" అనేవారు. నోట్ల లెక్క ఎప్పుడూ తప్పలేదు గానీ ఈ మాట మాత్రం రోజుకు రెండుసార్లు చెప్పేవారు. 1954లో కార్మిక వివాదాలు తేల్చే ట్రిబ్యునల్ బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ఇచ్చిన తీర్పును కేంద్రం కత్తిరిస్తే, కార్మిక మంత్రిగా ఉన్న గిరి రాజీనామా ఇచ్చేశారు. ఆ తర్వాతే ఆ తీర్పు సంగతి తేల్చడానికి గజేంద్రగడ్కర్ కమిషన్, దాని సిఫార్సుల మీద 1955లో చట్టం.

గిరి గారనగానే అందరూ ఆయన గెలిచిన 1969 రాష్ట్రపతి ఎన్నికే చెబుతారు. నన్నడిగితే ఆయన జీవితంలో అసలు సంగతి ఈ రాజీనామానే. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే సమ్మె నడిపిన మనిషి, బొబ్బిలిలో బొబ్బిలి రాజానే ఓడించి 1937లో మద్రాసులో మంత్రయిన మనిషి, ఢిల్లీ కుర్చీకి అతుక్కుపోతాడా? ఇప్పటి వాళ్లో! మే డే ఫ్లెక్సీలో సుత్తి కొడవలి వెతుక్కోవాలి, మీసాలు మాత్రం నాలుగడుగులు.

ఒకసారి మే నెల బెజవాడ ఎండలో బ్రాంచి ముందు షామియానా వేసి ధర్నాకి కూర్చున్నాం. ఒకప్పుడు మా గేటు మీటింగుల్లో గొంతు పోయేలా అరిచి, తర్వాత పార్టీలో చేరి పెద్దమనిషైన ఒకాయన (పేరొద్దు) అంబాసిడర్‌లో వచ్చాడు. దిగలేదు. అద్దం బెత్తెడు దించి, "నేను మాట్లాడతాలే, లేవండి" అన్నాడు.

మా క్యాషియర్ గారు మజ్జిగ గ్లాసుతో కారు దగ్గరికెళ్లారు. "ఎండన పడొచ్చావు, ముందిది తాగు నాయనా." ఆ సందులో గ్లాసు పట్టదు, తలుపు తియ్యాల్సొచ్చింది. తాగి గ్లాసు తిరిగివ్వబోతే ఈయన చెయ్యి చాపలేదు. "అద్దె గ్లాసులు. అక్కడ లెక్కప్పజెప్పాలి, వచ్చి ఇవ్వు."

దిగాడు. దిగాక కూర్చోక తప్పలేదు. పావుగంట ఉన్నాడు, పాత అలవాటుకొద్దీ ఒక నినాదం కూడా ఎత్తుకున్నాడు. గొంతు బాగానే ఉంది.