టీనేజ్ ఫాంటసీ నవలల్లో కనిపించే మంత్రగత్తెలు నిజంగా విక్కన్లేనా?

చాలావరకు కాదు, ఆ నవలల్లో ఉండేది పుట్టుకతో వచ్చే మాయాశక్తి, విక్కా మాత్రం 1950లలో ఇంగ్లండ్‌లో జెరాల్డ్ గార్డ్‌నర్ ప్రచారంలోకి తెచ్చిన కొత్త మతం. అందులో ఒక దేవత, కొమ్ముల దేవుడు, ఏడాదికి 8 ఋతు పండగలు, ఎవరికీ హాని చేయకూడదన్న నియమం ఉంటాయి, మంత్రం అన్నా చాలామందికి కొవ్వొత్తి వెలిగించి సంకల్పం చెప్పుకోవడమే తప్ప చేతుల్లోంచి మంటలు రావడం కాదు. కానీ కథకి ఫైట్ కావాలి, విలన్ కావాలి. అందుకే రచయితలు పండగల పేర్లు, ఐదు కోణాల నక్షత్రం అక్కడి నుంచి తీసుకుని మిగతాది కల్పిస్తారు.

ఉదాహరణకి, పదహారేళ్లు నిండగానే హీరోయిన్‌కి అమ్మమ్మ వైపు నుంచి శక్తులు వచ్చేస్తాయి. గార్డ్‌నర్ సంప్రదాయంలో అయితే వంశం సరిపోదు, దీక్ష తీసుకోవాలి, అదీ సాధారణంగా పెద్దవాళ్లకే ఇస్తారు (నిజం చెప్పాలంటే కథకి ఇదే ఎక్కువ ఆసక్తికరం).

విక్కన్లు సైతాన్‌ని కొలుస్తారన్నది ఉత్త అపోహ. సైతాన్ క్రైస్తవం, ఇస్లాం లాంటి మతాల్లోని భావన, విక్కాలో అసలు లేడు. విక్కా గుర్తయిన ఆ ఐదు కోణాల నక్షత్రాన్ని విక్కన్ సైనికుల సమాధి రాళ్ల మీద చెక్కడానికి అమెరికా ప్రభుత్వమే 2007లో ఒప్పుకుంది.