పాఠకుల ప్రశ్నలు: రెండేళ్ల గ్రీన్ కార్డ్, ఆయన సంతకం పెట్టనంటున్నారు

ప్రశ్న: మేడమ్, మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. మా ఆయన అమెరికా సిటిజన్, డాలస్ దగ్గర ఉంటాం. పెళ్లయిన పది నెలలకి వీసా వచ్చింది, ఇక్కడికి వచ్చాక రెండేళ్ల గ్రీన్ కార్డ్ ఇచ్చారు, అది ఇంకో ఐదు నెలల్లో అయిపోతుంది. మొదట్లో బాగానే ఉన్నాం, మా అత్తగారు వచ్చి వెళ్లిన దగ్గర్నుంచి ఇస్తామన్న కట్నం పూర్తిగా ఇవ్వలేదని గొడవలు. ఇప్పుడు ప్రతిదానికీ "నేను సంతకం పెట్టను, ఒక్క మెయిల్ కొడితే నీ కార్డ్ క్యాన్సిల్, మీ ఊరు పో" అంటున్నారు. చెయ్యి చేసుకోలేదు గానీ ఫోన్ లాక్కుంటారు, అమ్మతో మాట్లాడనివ్వరు, నా పాస్‌పోర్ట్ ఆయన దగ్గరే ఉంది. నిజంగా వెళ్లిపోవాలా? లాయర్‌కి నా దగ్గర డబ్బుల్లేవు. పేరు వెయ్యకండి.

జవాబు: వెళ్లక్కర్లేదమ్మా. ఆయన వంద మెయిల్స్ కొట్టినా దాంతో మీ కార్డ్ రద్దు అయిపోదు. ఇచ్చింది గవర్నమెంట్, తియ్యాలన్నా వాళ్లే ఒక పద్ధతి ప్రకారం తియ్యాలి, అప్పుడు కూడా ఇమిగ్రేషన్ జడ్జి ముందు మీ వైపు చెప్పుకునే హక్కు మీకుంటుంది. మీకు అసలు ముప్పు ఎక్కడుందంటే, ఆయన మాట నమ్మి భయపడి డేట్ దాటిపోనివ్వడంలో, లేదా సర్దుకుని ఫ్లైట్ ఎక్కేయడంలో.

ఈ రెండేళ్ల కార్డ్ సంగతి ఏంటంటే, 1986లో దొంగ పెళ్లిళ్లు ఆపడానికని అమెరికాలో ఒక చట్టం తెచ్చారు. పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చిన రోజుకి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే షరతులతో కూడిన కార్డ్ ఇస్తారు. మీరు దిగేసరికి పెళ్లయి రెండేళ్లు కాలేదు కాబట్టి మీకు అదే వచ్చింది, ఆయన దయ వల్ల వచ్చిందీ కాదు, మీలో ఏదో లోపం ఉండి తక్కువ కార్డ్ ఇచ్చిందీ కాదు. ఆ షరతులు తీసెయ్యమని వేసే ఫారం ఐ-751. కలిసున్న జంటలైతే కార్డ్ ఎక్స్‌పైర్ అయ్యే ముందు 90 రోజుల్లో ఇద్దరూ సంతకం పెట్టి వేస్తారు.

ఆయన పెట్టకపోతే? అదే ఫారం మీరొక్కరే వేసుకోవచ్చు, దాన్ని వేవర్ అంటారు. దీనికి ఆ 90 రోజుల కోసం ఆగక్కర్లేదు. మీకు పనికొచ్చే దారులు రెండున్నాయి. ఒకటి, నిజమైన పెళ్లే గానీ విడాకులైపోయాయి అని. దీనికి కోర్టు డిక్రీ కావాలి, టెక్సాస్‌లో పిటిషన్ వేశాక మామూలుగా కనీసం 60 రోజులు ఆగాలి, అవతలివాళ్లు పేచీ పెడితే నెలలు సాగుతుంది, అందుకే ఐదు నెలలుంది కదా అని కూర్చోవద్దు. రెండోది, క్రూరత్వం కింద. దీనికి విడాకులు కూడా అక్కర్లేదు. మీరు "చెయ్యి చేసుకోలేదు గానీ" అని రాశారు, ఆ మాట చదివి మనసు కలుక్కుమంది, ఎందుకంటే కొడితేనే హింస అని మన ఇళ్లల్లో మనకి అలా నేర్పారు. అమెరికా రూల్స్‌లో మానసిక హింస కూడా ఉంది. ఫోన్ లాక్కోవడం, అమ్మానాన్నలతో మాట్లాడనివ్వకపోవడం, పాస్‌పోర్ట్ దాచెయ్యడం, పంపించేస్తానని రోజూ బెదిరించడం, ఇవన్నీ లాయర్‌కి విడివిడిగా తేదీలతో సహా చెప్పండి. కొట్టాడని లేనిది మాత్రం కలపొద్దు, ఒక్క అబద్ధం బయటపడితే ఉన్న నిజాలన్నీ కూడా నమ్మరు. ఇంకోటి, హింస చేసిన మనిషి చెప్పిన మాటలు ఒక్కటే పట్టుకుని మీకు వ్యతిరేకంగా నిర్ణయం తీసుకోకూడదని అక్కడ చట్టంలోనే ఉంది.

ఏ దారిలో వెళ్లినా పెళ్లి నిజమైనదని చూపించుకోవాలి. జాయింట్ బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఇద్దరి పేర్లున్న లీజ్, కలిసి వేసిన టాక్స్ రిటర్న్, ఇన్సూరెన్స్ లాంటివి వాళ్లు ఎక్కువగా చూస్తారు. మనవి పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లు కదా, రెండు సార్లు చూసుకుని పెళ్లి చేసుకున్నారంటే అక్కడి ఆఫీసర్‌కి వింతగా అనిపించొచ్చు, అందుకని శుభలేఖ, పెళ్లి ఫొటోలు, పెళ్లికి ముందు చేసుకున్న చాట్స్, రెండు వైపుల బంధువులు రాసిచ్చే స్టేట్‌మెంట్లు కూడా పెట్టండి. ఇవన్నీ ఇప్పుడే, ఆ ఇంట్లో ఉండగానే ఫొటోలు తీసి ఆయనకి పాస్‌వర్డ్ తెలియని కొత్త మెయిల్‌కి పంపుకోండి. బయటికొచ్చాక ఒక్క కాగితం కూడా దొరకదు.

ఇల్లు మారితే పది రోజుల్లోగా ఇమిగ్రేషన్ వాళ్లకి అడ్రస్ మార్పు, అంటే ఏఆర్-11, తెలియజెయ్యాలి. చిన్న పనే గానీ ఇది మర్చిపోతే మీ నోటీసులన్నీ ఆయన ఇంటికే వెళ్తాయి, అవి మీ చేతికి రావు, ఇంటర్వ్యూ తప్పిపోతుంది. ఐ-751 ఫారం అందిందని ఇచ్చే రసీదు నోటీసు మీ పాత కార్డ్‌తో కలిపి చూపిస్తే 48 నెలల వరకు చెల్లుతుంది, ఉద్యోగం చేసుకోవచ్చు.

లాయర్ సంగతి. మీ వీసా చేయించిన ఆయన గారి లాయర్ దగ్గరికి మాత్రం పోవద్దు, మీకంటూ వేరే మనిషి కావాలి. అసోసియేషన్‌లో తెలిసిన అన్నయ్య ఫారాలు నింపిపెడతాడంటే కూడా వద్దు, లీగల్ సలహా ఇవ్వగలిగింది లైసెన్స్ ఉన్న అటార్నీ, లేదా జస్టిస్ డిపార్ట్‌మెంట్ గుర్తింపు ఉన్న ప్రతినిధి, అంతే. ఆ ప్రతినిధులు స్వచ్ఛంద సంస్థల్లో ఉంటారు, ఫ్రీగానో తక్కువకో చేస్తారు. నేషనల్ డొమెస్టిక్ వయొలెన్స్ హాట్‌లైన్ 1-800-799-7233కి మీ ఫోన్ నుంచి కాకుండా వేరే ఎవరి ఫోన్ నుంచైనా చెయ్యండి, మీకు దగ్గర్లో లీగల్ ఎయిడ్ ఎక్కడుందో చెప్తారు.

మిమ్మల్ని పిలిపించుకునేటప్పుడు మీ ఆయన ఐ-864 అని పోషణ హామీ పత్రం మీద సంతకం పెట్టి ఉంటారు. విడాకులైనా ఆ బాధ్యత పోదు, దీని గురించి కూడా లాయర్‌ని అడగండి. విడాకులు టెక్సాస్‌లో తీసుకుంటే ఇండియాలో చెల్లుతాయా అన్నది కూడా చూసుకోవాలి, తిరుపతిలో పెళ్లయిన ఒక తెలుగు జంట కేసు, వై. నరసింహారావు వర్సెస్ వై. వెంకటలక్ష్మి, అందులో అమెరికా కోర్టు డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో మన సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని ఇండియా లాయర్‌తో కూడా ఒకసారి మాట్లాడించుకోండి.

ప్రశ్న: మేడం, మాది కరీంనగర్. మా అల్లుడు మా బిడ్డను చుట్టపుచూపుగా తీసుకొచ్చి ఇక్కడ దింపి, గ్రీన్ కార్డు, పాస్‌పోర్టు పట్టుకుని ఒక్కడే వెళ్లిపోయిండు. ఏడు నెలలైంది. ఏదో అమెరికా ఫారం పంపి సంతకం పెట్టమంటున్నడు. ఏం చేయాలె?

జవాబు: అన్నగారూ, ఆ ఫారం మీద అమ్మాయిని సంతకం పెట్టనివ్వకండి. అది ఐ-407 అయితే రెసిడెన్సీ నాకొద్దు అని తనే రాసిచ్చినట్టు. రేపే పోలీస్ స్టేషన్‌లో పాస్‌పోర్ట్, కార్డ్ పట్టుకెళ్లాడని కంప్లయింట్ ఇచ్చి కాపీ తీసుకోండి, దాంతో కొత్త పాస్‌పోర్ట్‌కి అప్లై చెయ్యండి. కార్డ్ చేతిలో లేకుండా తిరిగి వెళ్లడానికి ఐ-131ఏ అని ఉంది, ఫీజు కట్టి హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌ని సంప్రదించాలి, ఓకే అయితే విమానం ఎక్కడానికి అనుమతి స్టిక్కర్ ఒకటి పాస్‌పోర్ట్‌లో అతికించి ఇస్తారు. ఇది అమెరికా వదిలి ఏడాది దాటని వాళ్లకే, మీకు ఇంకా ఐదు నెలలుంది. దాటితే రిటర్నింగ్ రెసిడెంట్ వీసా అడగాలి, తన చేతుల్లో లేని కారణం వల్ల ఆగిపోయానని రుజువులతో చూపించాలి, అది చాలా కష్టం. ఆ కంప్లయింట్ కాపీ అప్పుడూ పనికొస్తుంది. జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్నారై సెల్ ఉంది, అక్కడ కూడా ఫిర్యాదు పెట్టండి. కార్డ్ రెండేళ్లదా పదేళ్లదా మీరు రాయలేదు, రెండేళ్లదైతే పైన గుంటూరు అమ్మాయికి చెప్పిన ఐ-751 గడువు మీ అమ్మాయికి కూడా నడుస్తూనే ఉంటుంది, ఎక్స్‌పైరీ డేట్ ఎప్పుడో అమ్మాయిని అడిగి ఈ వారంలోనే అమెరికాలో ఒక ఇమిగ్రేషన్ లాయర్‌తో ఫోన్‌లో మాట్లాడించండి.